మెయ్‌పూకి ఉచిత యాత్ర

ముసలాళ్లకి టోపీ పెట్టాలంటే ముందు కోడిగుడ్లు పెట్టాలి. ఈ కిటుకు తాన్ లెయ్‌కి ఫోన్‌లో చెప్పినవాడు షెన్.

షెన్‌ది మెయ్‌పూ అనే ఊళ్లో, కాలువ ఒడ్డున, పట్టు రజాయిల దుకాణం. అక్కడ పట్టు బోర్డు మీదే ఉంటుంది, రజాయిలో ఉండదు. తాన్ లెయ్ షాంఘైలో గైడు. ముసలాళ్లని ఒకరోజు యాత్ర పేరుతో ఉచితంగా బస్సెక్కించి, ఊరు చూపించి, చివరికి ఏదో ఒక దుకాణంలోకి తోసి షట్టరు దించెయ్యడం అతని పని. ఏదో ఒకటి కొంటే తప్ప షట్టరు లేవదు. కానీ ఈమధ్య అతని వలలో ఎవరూ పడటం లేదు. ఈసారి కూడా ఉత్త చేతులతో వస్తే, చేతిలో గైడు జెండా కొత్తగా చేరిన అమ్మాయికిచ్చి ఇంటికి పొమ్మని మేనేజరు మొహం మీదే చెప్పేశాడు.

సరిగ్గా అప్పుడు ఈ షెన్ దేవుడిలా ఫోన్ చేశాడు. ఏ కాలనీకి వెళ్లాలో, ఏ బ్లాకులో తలుపులు తట్టాలో కూడా అతనే చెప్పాడు. అక్కడి ముసలాళ్లు పింఛన్లు దాచుకుని, ఏం చేసుకోవాలో తెలియక కూర్చున్నారట. పైగా మెయ్‌పూ అంటే పడి చస్తారట. పేరిచ్చిన ప్రతివాళ్లకీ ముందురోజే ఒక సంచి గుడ్లు ఇమ్మన్నాడు. తీసుకొచ్చేది మాత్రం ఈ ఆదివారమే అయ్యుండాలన్నాడు. మధ్యాహ్నం భోజనం తన ఖర్చేనన్నాడు.

"కడుపు నిండా తిన్నాక ఎవడూ కాదనలేడు గురూ. నువ్వు మనుషుల్ని పట్టుకురా, మిగతాది నాకొదిలెయ్," అన్నాడు.

తాన్ లెయ్ చంకలు గుద్దుకున్నాడు.

ఆదివారం పొద్దున పిలవడమే ఆలస్యం, బ్లాకు బ్లాకంతా బస్సులోకి ఎక్కేసింది. అందరికీ పసుపు టోపీలు పంచుతుంటే ముసలమ్మల వేళ్లు ఎర్రెర్రగా కనిపించాయి. ఏం కూర తిని చేతులు కడుక్కోకుండా వచ్చారో అని తాన్ లెయ్ మొహం చిట్లించాడు. ముందు సీటులో గూ అవ్వ తనకంటే పెద్ద మూటని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సాయంత్రానికి తిరిగొచ్చే యాత్రకి ఇంత మూటెందుకని అడిగాడు.

"నా మూట నేను మోసుకుంటాలే నాయనా. నీ జెండా నువ్వు చూసుకో," అంది అవ్వ.

మెయ్‌పూలో దిగాక తాన్ లెయ్‌కి ఆశ్చర్యం మీద ఆశ్చర్యం. మరుగుదొడ్డి ఎక్కడని అడగని ముసలాళ్లని అతను ఈ ఉద్యోగంలో ఇంతవరకూ చూడలేదు. వీళ్లు దిగగానే సందు తిరిగి, పని చూసుకుని, టోపీలు సర్దుకుంటూ వచ్చేశారు. వయసొస్తే ముక్కు బాగా పనిచేస్తుంది కాబోలనుకున్నాడు.

రాతివంతెన మీద నిలబెట్టి, ఒకానొక చక్రవర్తి సరిగ్గా ఇక్కడే ఆగి చంద్రుణ్ణి చూస్తూ కన్నీళ్లు పెట్టుకున్నాడని తన కథ మొదలుపెట్టాడు.

"ఏడిస్తే ఏడ్చాడులే. ఆకలేస్తోంది, నడు," అన్నాడు గుంపులోంచి చ్యూ తాత.

ఒక్కరూ ఫోటో తీసుకోలేదు. కింద పడవ నడిపే ఆవిడ తెడ్డు ఆపి మరీ చెయ్యూపితే, బేరం కోసమేననుకుని తాన్ లెయ్ ఆమెని కసిరాడు. కంపు టోఫూ వేయించే బండి దగ్గర ఒక ముసలాయన అడుగు తడబడితే, కడుపు ఇక్కడే నింపుకుంటే అక్కడేం తింటావని గూ అవ్వ రెక్క పట్టుకుని లాక్కుపోయింది. మామూలుగా జెండా ముందుంటుంది, జనం వెనకుంటారు. ఇవాళ జనం సందులన్నీ దాటి పరిగెడుతుంటే జెండా వెనకాల రొప్పుకుంటూ పోతోంది. ఉచిత భోజనం కోసం ఇంత ఆత్రమా అని తాన్ లెయ్‌కి నవ్వొచ్చింది. ఆ మూట మోస్తూ గబగబా నడిచే అవ్వని చూస్తే ఒక్క క్షణం జాలి కూడా వేసింది. అంతలో మేనేజరు మొహం గుర్తొచ్చి ఆ జాలి కాస్తా ఎగిరిపోయింది.

దుకాణం షట్టరు సగం దించే ఉంది. లోపలినుంచి సోయాలో ఉడికిన పంది తొడ వాసన ఘుమఘుమలాడుతోంది. షెన్ మాట నిలబెట్టుకున్నాడు. తాన్ లెయ్ అందరినీ వంగి దూరమని బతిమాలి, చివరి టోపీ లోపలికి వెళ్లాక తనూ దూరి, ధనామని షట్టరు కిందికి లాగేశాడు. ఇక ఎవరూ తప్పించుకోలేరు. ఉద్యోగం నిలబడినట్టే.

వెనక్కి తిరిగాడు. రజాయిలన్నీ గోడవారకి పేర్చి వాటిమీద ముసలాళ్లు కాళ్లు జాపుకుని కూర్చున్నారు. మధ్యలో గుండ్రటి భోజనాల బల్లలు. గూ అవ్వ మూట విప్పింది. అందులో ఉన్నవి నిన్న తాన్ లెయ్ పంచిన గుడ్లే, కంపెనీ సంచుల్లోనే ఉన్నాయి. కాకపోతే బిడ్డకి నెల నిండిన ఇంట్లో పంచే గుడ్లలాగా ప్రతిదానికీ ఎర్రరంగు వేసి ఉంది.

లోపలి గదిలోంచి ఒక కుర్రాడు ఎర్రగుడ్డలో చుట్టిన పసిబిడ్డని ఎత్తుకుని వచ్చాడు. అందరినీ పలకరిస్తున్న అతని గొంతు వినగానే షెన్ అని పోల్చుకున్నాడు తాన్ లెయ్. దగ్గరికెళ్లి, రజాయిలు ఎప్పుడు అమ్ముదామని చెవిలో అడిగాడు. షెన్ అతని భుజం తట్టి పక్కకి జరిపి, తిన్నగా వెళ్లి బిడ్డని గూ అవ్వ ఒళ్లో పెట్టాడు.

"బస్సు ఖర్చు లేకుండా, గుడ్ల ఖర్చు లేకుండా ఊరొదిలిపోయిన మన చుట్టాలందర్నీ నీ మునిమనవడి పండక్కి రప్పిస్తానన్నానా లేదా నానమ్మా?"