జెండా కర్రకు కట్టిన సంచీ

మా గుమ్మం మీది జెండా కర్రకు కట్టిన బడి సంచీని మీరు విప్పి చెత్తడబ్బా పక్కన పడేశారు, పక్కింటి టెర్ప్‌స్ట్రా గారూ.

బడి ఆఖరి పరీక్ష పాసైనవాళ్ళ ఇంట జెండాతో పాటు సంచీ కడతారని ఈ ఊళ్ళో మీకొక్కరికే తెలియదా? పైగా వీధిలో అందరి ముందూ నవ్వారు: "ఏరా, గడ్డాలొచ్చాక పాసయ్యావా? రొయ్యల షెడ్డులో చదువెక్కడిదిరా నీకు!"

నవ్వండి. చలికాలమంతా పని దిగి వచ్చి, చేతుల వాసన వదలకముందే వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను. నాకు కునుకు పట్టకుండా అమ్మ ఎదురుగా కూర్చుని ప్రశ్నలడిగేది. తప్పు చెబితే, "మళ్ళీ చెప్పు నాన్నా" అనేది. బడి మధ్యలో మానేసిన మనిషి. అడిగీ అడిగీ ఆమెకే అన్నీ వచ్చేశాయి. నాకు తోడుగా ఉంటుందని ఆమె చేత కూడా పరీక్షకు కట్టించాను.

నేను తప్పాను. పాసైంది అమ్మ. ఆ సంచీ ఆమెది.

పాసైన సంగతి ఆమెకింకా తెలియదు. శనివారం సాయంత్రం పెద్దమ్మ ఇంటి నుంచి వస్తుంది. వీధి మలుపులోనే తలెత్తి చూసుకోవాలి. మీ చేతులతోనే మళ్ళీ కట్టండి. కడతారో లేదో శుక్రవారంలోగా చెప్పండి.