రూలు మళ్ళీ మారింది

“రూలు మళ్ళీ మారింది సార్.”

గుమాస్తా నోటివెంట ఈ మాట వినగానే లాండ్రీ యజమానికి ఒళ్ళు మండిపోయింది. కిందటిసారి మారిందే ఇంకా బుర్రకెక్కలేదు.

“ఇప్పుడేం కావాలట?”

“ఇస్త్రీ గదిలో వేడి కొలిచే మీటరు పెట్టాలట. వేడి గీత దాటితే పని ఆపించి అందర్నీ చల్లగా కూర్చోబెట్టాలట. జీతం కోయకూడదట.”

“కూర్చోబెడదాం. నేనూ వెళ్ళి కూర్చుంటా. ఆసుపత్రి వాళ్ళే వచ్చి వాళ్ళ దుప్పట్లు ఉతుక్కుంటారు!”

విసురుగా లేచి బాయిలరు వైపు వెళ్ళిపోయాడు. ఏ రూలైనా సరే, రెండు ముక్కలకి మించి వినే ఓపిక అతనికి ఏనాడూ లేదు.

గల్లాపెట్టె పక్కన మెత్తటి కుర్చీలో ఉన్న అతని తల్లి చెవి ఇటు పెట్టింది. చూపు మందగించాక ఆవిడ రోజూ కొడుకుతో పాటు వచ్చి అక్కడే కూర్చుంటోంది. ఇంట్లో ఒక్కదానికీ తోచదు మరి.

“ఏదీ, మొత్తం చదువు నాయనా.”

గుమాస్తా చదివాడు. పనిచేస్తున్నవాళ్ళయినా, మానేసినవాళ్ళయినా లేబర్ ఆఫీసుకి ఫోను చేసి ఫిర్యాదు చెప్పొచ్చు. పేరు బయటపెట్టరు. ఫిర్యాదు చేశారన్న అనుమానంతో ఎవర్నీ పనిలోంచి తీయకూడదు. ఇంకా ఏవేవో. పెద్దావిడకి కాలక్షేపం, పోనీలే అని అతను ఎప్పుడూ విసుక్కునేవాడు కాదు.

నిజానికి యజమాని చెడ్డవాడేం కాదు. ఒకటో తారీకు దాటకుండా జీతాలిచ్చేవాడు. అతని కడుపుమంటల్లా ఒక్కటే. రూలు సంగతి తనకి తెలిసి, ఏం చేద్దామా అని తల గోక్కునే లోపే ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో ఉంటున్నాడు. నిలబడి పనిచేసేవాళ్ళకి కుర్చీలు వేయాలన్నారు. వచ్చే నెల చూద్దాంలే అనుకున్నాడు. ఆ వారమే వచ్చి నిలదీశారు. మరుగుదొడ్డి తలుపుకి గడియ ఉండాలన్నారు. మేకు కొట్టి తాడు కట్టించాడు. ఆ తాడు చూడటానికే పనిగట్టుకుని వచ్చారు.

ఎవరో కబుర్లు మోస్తున్నారు. అందులో సందేహం లేదు. అనుమానమంతా ఇస్త్రీ గదిలోని పొడుగావిడ మీద. మనిషీ పొడుగే, నోరూ పొడుగే. కుర్చీలు వచ్చిన రోజు అందరికంటే ముందు కూర్చుని, “అబ్బ, ప్రాణం లేచొచ్చింది!” అని గదంతా వినపడేలా అంది. యజమానికి ఆ సాక్ష్యం చాలు.

“మీటరు ఇస్త్రీ గదిలోనే కదా పెట్టమన్నారు? కిటికీ పక్కన, గాలి తగిలేచోట తగిలించు. పాపం, దానికీ చల్లగా ఉంటుంది,” అన్నాడు గుమాస్తాతో. చాలా రోజుల తర్వాత అతని మొహాన నవ్వు కనిపించింది. తల్లి కూడా నవ్వింది.

మర్నాడే ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. అటూ ఇటూ చూడలేదు. తిన్నగా కిటికీ దగ్గరికి నడిచి, మీటరు ఊడదీసి, ఇస్త్రీ టేబుళ్ళ మధ్య పెట్టాడు. ముల్లు చూస్తుండగానే గీత దాటేసింది.

“ఇంకొక్క ఫిర్యాదు వస్తే లాండ్రీకి తాళం వేస్తాం,” అని చెప్పి మరీ వెళ్ళాడు.

యజమాని ఊగిపోతూ ఇస్త్రీ గదిలోకి వచ్చాడు.

“రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు.”

పొడుగావిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. “నేనేం చేశాను సార్?”

“నా కొంప ముంచావు. ఇంకేం చేయాలి?”

“నా పిల్లల మీద ఒట్టు సార్. ఆ ఆఫీసు ఏ వైపుందో కూడా నాకు తెలీదు. ఈ పని పోతే మా ఇల్లెలా గడుస్తుంది?”

ఆ కేకలకి తల్లి గోడ పట్టుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. “తొందరపడకురా. ఆ పిల్ల కాదేమో.”

“నువ్వూరుకోమ్మా! ఇదే గదిలో నువ్వు ఏళ్ళ తరబడి నిలబడి ఇస్త్రీ చేశావు. నాన్న నీకు కుర్చీ వేశాడా? మీటరు పెట్టాడా? ఏనాడైనా నోరు తెరిచి అడిగావా?”

“లేదురా. అడగలేదు.”

ఆవిడ కాళ్ళ మీద నరాలు తాళ్ళలా ఉబ్బి ఉన్నాయి. తను పుట్టినప్పటినుంచీ చూస్తున్నవే కాబట్టి అతను వాటిని కొత్తగా చూడలేదు.

“మరి! నీకు లేని సుఖాలు వీళ్ళకెందుకట?”

పొడుగావిడ కళ్ళు తుడుచుకుని సంచి తీసుకుంది. పెద్దావిడ గుమ్మంలో ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

“రేపు మామూలుగా వచ్చెయ్యమ్మా.”

“ఎవరు రమ్మన్నారని వస్తుందీ?” కొడుకు గొంతు చించుకున్నాడు.

పీడ విరగడైందనుకున్నాడతను. టీ తెప్పించుకుని, కుర్చీలో వెనక్కి వాలి, ఇక ఈ నాలుగు గోడల మాట బయటికి పొక్కదని గుమాస్తాకి ధీమాగా చెప్పాడు.

అదే సమయంలో తల్లి ఉతికిన దుప్పట్ల గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరికి వేసి, తన పెద్ద అంకెల ఫోనులో తడుముకోకుండా ఒక నంబరు నొక్కి, “మళ్ళీ నేనే నాయనా,” అంది గొంతు తగ్గించి, “అనుమానంతో ఎవర్నీ పనిలోంచి తీయకూడదన్నారుగా, మావాడు ఇప్పుడే ఒక పిల్లని తీసేశాడు, రాసుకో.”