తెర మీది గుండె

"హీరోని పెట్టు జాకీర్," అన్నాడు డాక్టర్ సాయిశంకర్, పళ్లసందున ఇరుక్కున్న మాంసం పీచుని అగ్గిపుల్లతో లాక్కుంటూ. "ఆవిణ్ణి పిలుస్తున్నా."

హీరో అంటే ఓ వీడియో. ఎవరిదో గుండె. నరం పూడుకుపోయి, రంగుమందు లోపలికి ఎక్కలేక, పాపం తెరమీద గిలగిల్లాడుతుంటుంది. గుండెనొప్పని ఈ ఆస్పత్రికొచ్చిన ప్రతివాడి ఇంటివాళ్లకీ అదే చూపించి, "ఇదిగో మీవాడి గుండె, స్టెంటు వెయ్యకపోతే రేపు ఉండడు" అని బెదిరించి సంతకం పెట్టించుకుంటారు. లోపల బల్లమీద పడుకున్నవాడి గుండె నిక్షేపంగా ఉన్నా సరే. థూ, ఏం బతుకులో.

ఆ కంపులో జాకీర్ వాటా తక్కువేం కాదు. వీడియోలు తీసే టెక్నీషియన్ అతనే. చేరిన కొత్తలో సాయిశంకర్ పిలిచి, "మొన్నామధ్య ఓ ముసలాయన బల్లమీదే పోయాడయ్యా, బ్లాకు మాత్రం బ్రహ్మాండంగా పడింది, పేరు కత్తిరించి దాచు" అంటే, ఆ పేరు రెండుసార్లు చదువుకుని మరీ కత్తిరించి దాచిందీ అతనే. ఆ రోజు అన్నం సహించలేదు గానీ ఉద్యోగం మానలేదు. ఇంట్లో భార్య చాంద్ సుల్తానా సణుగుడు వేరు: గ్యాసు అయిపోయిందనీ, పిల్ల ఫీజనీ, పోయిన మామకి ఆధార్ ఫొటో తప్ప గోడకి తగిలించుకోడానికి ఇంకోటి లేదనీ.

కొంగు నోట్లో కుక్కుకుని నారాయణమ్మ వచ్చింది. మొగుడు శ్రీరామ్మూర్తికి అచ్యుతాపురంలో కంపెనీ పని. డ్యూటీలో గుండెల్లో మంటంటే తీసుకొచ్చారు.

"చూడమ్మా, ఇదీ మీ ఆయన గుండె," సాయిశంకర్ తెర చూపించాడు. "సంతకం పెట్టు. స్టెంటు వేసేస్తాను."

"ఏసేత్తే పనికెల్లచ్చా బాబూ?"

"బరువు పనులు బంద్. జన్మంతా మాత్రలు."

"గుండె జబ్బోడంటే కంపెనీవోల్లు గేటు కాడే ఆపేత్తారు బాబూ. ఆయనకొచ్చింది ఆ పనొక్కటే."

"ప్రాణం ముఖ్యమా, పనా? ఆలోచించుకో. చెయ్యి కడుక్కొస్తాను."

అతను వెళ్లగానే నారాయణమ్మ కొంగుముడి విప్పింది. సింహాచలం చందనం. తడివేలితో తెరమీది గుండెకి బొట్టు పెట్టింది.

"ఎంత యాతన పడతన్నావయ్యా. నానున్నాను. అప్పన్న సూసుకుంతాడు."

జాకీర్ ఆ మరక తుడవబోయాడు. చెయ్యి రాలేదు. ఇన్నాళ్లూ ఆ గుండెని చూసి భయపడ్డవాళ్లే తప్ప ఓదార్చినవాళ్లు లేరు. తనమీద తనకే రోత పుట్టింది.

"అమ్మా, అది మీ ఆయనది కాదు," అన్నాడు.

"ఏటి?"

మీట నొక్కాడు. ఇంకో గుండె వచ్చింది, నరాలన్నీ నిండుగా పారుతూ. "మీ ఆయనది ఇది. ఏ అడ్డూ లేదు. ఆ మంట పొట్టలోది. దీన్ని ఫోన్లో తీసుకుని పెద్దాస్పత్రిలో చూపించు. ఇక్కడ మాత్రం సంతకం పెట్టకు."

ఆవిడ ఫోను తెరకి ఎదురుగా పట్టి తీసుకుంది. "మరిందాకటిది ఎవులిది బాబూ?"

"పోయినాయనది."

"అయ్యో. ఇంకా ఇలా ఆడిత్తన్నారేటి? ఆయన్ని పడుకోనియ్యండి బాబూ."

కాసేపటికి, పరీక్షకి గొట్టం దూర్చిన మణికట్టుకి కట్టుతో ఉన్న మొగుణ్ణి భుజం పట్టుకుని బయటికి నడిపించుకుపోయింది.

జాకీర్ పాత వీడియోని మొదట్నుంచి చివరిదాకా ఒక్కసారి చూశాడు. చందనం మరక కింద గుండె కొట్టుకుంటూనే ఉంది. తర్వాత మళ్లీ దొరక్కుండా చెరిపేశాడు.

సాయిశంకర్ వచ్చేసరికి తెర నల్లగా ఉంది.

"హీరో ఏడి?"

"తీసేశాను సార్. ఆవిడకి నిజం చెప్పేశాను. వాళ్లు వెళ్లిపోయారు."

డాక్టరు మొహం కందగడ్డలా అయింది. "రేపట్నుంచి రానక్కర్లేదు. వైజాగ్‌లో ఎక్కడా నీకు పని దొరక్కుండా చేస్తాను."

జాకీర్ మెళ్లో కార్డు తీసి బల్లమీద పెట్టి గుమ్మం వైపు నడిచాడు.

"అసలు ఎవడో ముసలోడి గుండె చెరిపెయ్యడానికి నువ్వెవడివిరా?"

జాకీర్ ఆగాడు.

"ఆయన కొడుకుని."