పూలు కోయరాదు

“ఒక్కటంటే ఒక్క పువ్వన్నా ఉండాదా సూడు! చెట్టంతా దులుపుకోని పోయినారు.”

యోగానంద చేతికర్రతో నందివర్ధనం చెట్టును పొడిచి పొడిచి చూపించాడు. పార్కు ఊడ్చే రూతు చీపురు పక్కన పెట్టి నిలబడింది. నిన్న సాయంత్రం మొగ్గలతో నిండుగా ఉన్న చెట్టులో ఇప్పుడు ఆకులే మిగిలాయి.

“నేనొచ్చేది ఏడుకు సార్. అప్పటికే ఉండవు,” అంది రూతు.

“రోజూ ఇదే పాట. పూలు కోయరాదని బోర్డు పెట్టినామా లేదా? సదువుకున్నోళ్లుండే కాలనీ ఇది. బోర్డు సదవను రానోళ్లే కోస్తారు.”

“నాకు సదవనొస్తాది సార్.”

ఆ జవాబు యోగానందకు నచ్చలేదు. పనివాళ్లు జవాబు చెప్పడమే ఆయనకు నచ్చదు.

తిరుపతి శివార్లలోని ఆ కాలనీ సంక్షేమ సంఘానికి ఆయన నాలుగేళ్లుగా అధ్యక్షుడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు ఫైళ్ల మీద కూర్చున్న మనిషి, రిటైరయ్యాక పార్కు మీద కూర్చున్నాడు. పార్కుకు సంఘం చేసిన మహోపకారం నాలుగు బోర్డులు. చెత్త వేయరాదు, గడ్డి తొక్కరాదు, పూలు కోయరాదు. నాలుగోదాని మీద కార్యవర్గం పేర్లు, అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో. మొక్కలు కొనడానికి మాత్రం ఎవరికీ చేతులు రాలేదు. “యాడన్నా కొమ్మలు విరుచుకొచ్చి నాటుకో పో,” అని రూతుకే చెప్పేశారు. ఆమే తెచ్చింది, నాటింది, బిందెలతో నీళ్లు మోసి బతికించింది. ప్రారంభోత్సవం రోజు రిబ్బను దగ్గర కత్తెర మాత్రం యోగానంద పట్టుకున్నాడు.

ఇంటికెళ్లి స్నానం చేసి, మడిపంచె కట్టుకుని, కొండ వైపు తిరిగి దండం పెట్టి, పూజకు కూర్చున్నాడు. బజారు పూలు ఆయన దేవుడికి పనికిరావు. ఎవరు ముట్టుకున్నవో, ఏ బస్సులో ఎవరి కాళ్ల దగ్గర పడి వచ్చినవో! వెండి పళ్లెంలో తెల్లటి పూలు సిద్ధంగా ఉన్నాయి. అవి ఎక్కడివని ఆయన ఏనాడూ అడగలేదు. భార్య పెట్టేది, ఆయన అందుకునేది. కాఫీ సంగతీ అంతే.

“ఆ రూతును ఆదివారం మీటింగులో తీసేయిస్తా,” అన్నాడు గంట వాయిస్తూ.

“పూల కోసమా? పోనీలెండి, పాపం,” అంది నిర్మలమ్మ గబుక్కున.

“పోనిస్తే ఎట్లా? ఈరోజు పూలు, రేపు గేటు. దొంగ దొంగే!”

నిర్మలమ్మ కుంకుమ భరిణె మూత పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆదివారం పార్కులోనే కుర్చీలు వేశారు. కార్యదర్శి గుణశేఖర్ తీర్మానం రాసుకొచ్చాడు. ఉపాధ్యక్షుడు గోవిందయ్య తీర్మానం వినకుండానే తల ఊపాడు. ఆయనకు అదొక్కటే వచ్చు.

“సదువప్పా,” అన్నాడు యోగానంద.

రూతు ముందుకొచ్చింది. “మా ఆయన పోయినాక ఈ పనే నాకు కూడు పెడతా ఉండాది సార్. తీసేసేది మీ ఇష్టం. దొంగని మాత్రం పేరు పెట్టి పంపొద్దండి. గుణశేఖర్ సారోళ్ల గేటుకు కెమెరా ఉండాది గదా, అది ఈ చెట్టు దిక్కే చూస్తాది. ఒక్కతూరి చూసినాక ఏమైనా చేయండి.”

“సూపించప్పా, సూపించు. ఈమె రంగు ఇప్పుడే బయటపడతాది,” అంటూ యోగానంద కాలు మీద కాలేసుకున్నాడు.

గుణశేఖర్ ఫోను తీశాడు. అందరూ మీద పడి చూశారు.

తెరమీద తెల్లవారుజామున ఐదుంపావుకి గోవిందయ్య వచ్చాడు. వాకింగుకొచ్చే మనిషి చేతిలో దోటి ఉంది. పక్కనే కూర్చున్న గోవిందయ్యకు ఉన్నట్టుండి దగ్గు పట్టుకుంది. ఐదున్నరకు గుణశేఖర్ వాళ్లమ్మ కొంగు పట్టుకుని వచ్చింది. మొన్నటిదాకా మోకాళ్ల నొప్పులతో మంచం దిగలేదన్న మనిషి, చెట్టు చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి మరీ కోసింది. ఐదూ నలభైకి నిర్మలమ్మ. ‘పూలు కోయరాదు’ బోర్డుకే ప్లాస్టిక్ కవరు తగిలించి, రెండు చేతులా దూసింది.

దొంగకు తేలు కుట్టినట్టయింది సభ పరిస్థితి. ముందుగా తేరుకున్నది అధ్యక్షులవారే.

“దేవుడికి కోస్తే అది దొంగతనం ఎట్లయితాది?” అన్నాడు.

“అదే గదా! పువ్వు పుట్టేదే స్వామి కోసం,” అని గోవిందయ్య అందుకున్నాడు. దగ్గు తగ్గిపోయింది.

రూతును తీసేసే కాగితం గుణశేఖర్ జేబులోకి పోయింది. బోర్డు మీద ‘పూజకు తప్ప’ అని చేర్చాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆమెను తప్పుగా అనుకున్నామన్న మాట మాత్రం ఒక్క నోటి నుంచీ రాలేదు. సిగ్గు పడటానికీ కాస్త సరుకుండాలి.

పైగా యోగానందకు ఉదారబుద్ధి పుట్టుకొచ్చింది.

“నీ చెయ్యి మంచిది రూతూ. రెండేండ్లుగా మా స్వామి పాదాల కాడ ఈ పూలే! ఎంత తెలుపు! ఒక కొమ్మ తెచ్చి మా తులసికోట పక్కన నాటు.”

“మాకూ ఒకటి, దేవుడి గది కిటికీ కాడ,” అన్నాడు గోవిందయ్య.

“వద్దులే సార్,” అంది రూతు.

“ఏం, నీ సొమ్మేమన్నా పోతాదా? మూలచెట్టు యాడుండాదో సెప్పు, మేమే పోయి తెచ్చుకుంటాం.”

“మీరు ఆడికి రారు సార్.”

“దేవుడి పని మీద యాడికైనా పోతాం. సెప్పమ్మా!”

రూతు చీపురు చేతిలోకి తీసుకుంది.

“మా ఆయన సమాధి మీద ఉండాది సార్.”