డిప్పలో గురువు

ఎండిన చెరువులో ఫుట్‌బాల్ ఆడే కుందేళ్ల జట్టు ఓడని ఆట లేదు. దానికి గురువుగా ఎవరూ రామంటే, చివరికి తాబేలు సరేనంది. గురువు పని దానికి అదే మొదలు. ఆటకి ముందు ఎంతో ధైర్యం చెప్పింది. తీరా మేకల జట్టు గోలు మీదికి దూసుకొచ్చేసరికి, గట్టుమీద కూర్చున్న తాబేలు తల డిప్పలోకి లాగేసుకుంది. ఆట అయ్యేదాకా బయటికి తీస్తే ఒట్టు!

కుందేళ్లు ఓడాయి. గోలు కాసే ముసలి కుందేలు వచ్చి డిప్ప పక్కన చతికిలబడింది.

"నావల్ల కాదు మామా, ఇంకెవర్నైనా చూసుకోండి," అంది తాబేలు లోపల్నుంచే.

"గోలు పడటం మాకు అలవాటే గురువా. పడ్డప్పుడల్లా నీకేసి చూశాం. అక్కడ రాయి కనబడింది. అదే మా దిగులు."

మర్నాడు మేకలు మళ్లీ దూసుకొచ్చాయి. తాబేలు మెడ గజగజ వణికింది, అయినా లోపలికి పోనివ్వలేదు. గోలు పడనే పడింది. కుందేళ్లన్నీ గట్టుకేసి చూశాయి.

కళ్లనిండా నీళ్లున్నాయి గానీ, తల బయటే ఉంది.

"ఇంకా ఆట ఉందర్రా!" అంది తాబేలు.

ముసలి కుందేలు బంతి తీసుకుని మధ్యకి పరిగెత్తింది. ఇన్నాళ్లూ నడిచే వెళ్లేది.