పక్క సీటు

కస్టమ్స్ వాళ్ళ వేలంలో నజీర్ అహ్మద్ ఒక పాత ఎర్ర స్పోర్ట్స్ కారు పాడుకున్నాడు.

రెండే తలుపులు, రెండే సీట్లు. అదే నెలలో షహజాదితో పెళ్ళి కూడా అయింది. ఇక ఆ మనిషికి కాళ్ళు నేల మీద ఆనలేదు.

హార్బరుకు వచ్చే ఓడలకు సామాన్లు సప్లై చేసే వ్యాపారం అతనిది. ఏ ఓడలోనో దొరికిన కార్ల బొమ్మల పుస్తకం చంకలో పెట్టుకుని, భార్యతో సహా మద్దిలపాలెంలో గురువులు షెడ్డుకు వచ్చాడు.

"ఇదిగో, ఈ బొమ్మలో ఉన్నట్టుండాలి," అన్నాడు.

మెకానిక్ గురువులు బొమ్మ చూసి తల గోక్కున్నాడు. "రెండు కార్బ్యురేటర్లు ఎక్కించీమంటారా సార్? బండి రయ్యిన పోద్ది."

"ఎక్కించు."

"వెడల్పు టైర్లు?"

"వెయ్యి. సైలెన్సర్ కూడా మార్చీ. నాను ఇక్కడ స్టార్ట్ చేస్తే భీమిలిలో వినపడాల."

షహజాది నవ్వింది. సీట్ల రంగు మాత్రం తనే ఎంచుకుంది. మీగడ రంగు.

ఆ షెడ్డులో సీట్లు కుట్టేది జైతూన్ బీ. అరవై దాటిన మనిషి. మూలన మిషను ముందు కూర్చుంటుంది, పిలిస్తే తప్ప పలకదు. కొలత మటుకు సీటుకు తీయదు, కూర్చునే మనిషికి తీస్తుంది. షహజాదిని కూర్చోబెట్టి భుజం నుంచి నడుము దాకా రెండుసార్లు టేపు పెట్టి చూసింది.

నాలుగో రోజు కారు చూసుకోవడానికి వచ్చిన నజీర్ ముఖం మాడిపోయింది. పక్క సీటుకు భుజం మీదుగా ఒక మందపాటి క్యాన్వాస్ పట్టీ వేలాడుతోంది. కింద ఇనుముకు బోల్టులు బిగించి ఉన్నాయి. అది ఎనభై మూడో సంవత్సరం. ఊళ్ళో తిరిగే కార్లలో అలాంటిది ఎవరూ చూడలేదు.

"ఏటిది?"

"పక్కన కూకున్న మడిసికి బాబూ," అంది జైతూన్ బీ. "తోలేవోడికి పట్టుకోడానికి స్టీరింగుంటాది. పక్కనున్న పిల్లకి ఏటుంటాది?"

"నానడిగానా?"

"అడగలేదు. నానే కుట్టినాను."

"గేదెని రాటకి కట్టినట్టుంది. సూసినోళ్ళు నవ్వుతారు. తీసెయ్."

"తియ్యను బాబూ."

షెడ్డులో వాళ్ళంతా పని ఆపి చూశారు. ఆమె ఒకరికి ఎదురు చెప్పడం వాళ్ళెప్పుడూ వినలేదు.

"ఊరుకో జైతూనమ్మా," అన్నాడు గురువులు. "బండి ఆరిది."

"కోపం నా మీద పెట్టుకోండి బాబూ. పట్టీ మాత్తరం ఉంచండి."

షహజాది భర్త చెయ్యి తాకింది. "ఉండనీండి. అంత ఇదిగా కుట్టింది కదా."

"నా డ్రైవింగ్ మీద నమ్మకం లేదా నీకు?"

ఆ మాటకు కొత్త పెళ్ళికూతురు చెయ్యి వెనక్కి తీసుకుంది.

నజీర్ జైతూన్ బీ వైపు తిరిగాడు. "అసలు కార్ల గురించి నీకేం తెలుసు?"

"కార్ల గురించి నాకేటీ తెలీదు బాబూ," అని ఆమె తల దించుకుంది.

మిషను మీదున్న కత్తి తీసుకుని, నజీర్ ఆ పట్టీని తన చేత్తోనే కోసేశాడు. "ఇకనించి ఈవిడ చెయ్యి నా కారు మీద పడకూడదు," అన్నాడు గురువులుతో.

జైతూన్ బీ ఆ ముక్కను మడిచి పక్కన పెట్టింది. కారు కదులుతుంటే కిటికీ దగ్గరకొచ్చి, "మెల్లిగా ఎల్లండమ్మా," అంది షహజాదితో.

పదకొండో రోజు, ఆదివారం పొద్దున్న, భీమిలి రోడ్డు మలుపులో ఎద్దుబండి అడ్డొచ్చింది.

నజీర్ బ్రేకు తొక్కాడు. కారు ఆగింది కూడా. స్టీరింగు గట్టిగా పట్టుకున్న అతనికి మోచెయ్యి దోక్కుపోయింది, అంతే. షహజాదికి పట్టుకోడానికి ఏమీ లేకపోయింది. ముందు అద్దానికి వెళ్ళి కొట్టుకుంది. ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం లేదు.

ఇరవై ఏళ్ళ పిల్ల. మెహందీ ఇంకా పూర్తిగా వెలిసిపోని పిల్ల.

మధ్యాహ్నానికి పాతూరులో ఇల్లు జనంతో నిండిపోయింది. ఆడవాళ్ళంతా వెనక గదిలో ఉన్నారు. మగవాళ్ళు అటు వెళ్ళరు, అక్కడ ఏం జరుగుతుందో వాళ్ళకు తెలియదు. నజీర్ వరండాలో కూర్చున్నాడు. పట్టీ కోసిన చేతిని ఏం చేసుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

పక్క గుమ్మంలోంచి బురఖా వేసుకున్న ఒకామె చేతిసంచితో లోపలికి వచ్చి, ముసుగు పైకెత్తింది.

జైతూన్ బీ.

నజీర్ దిగ్గున లేచాడు. "ఈవిడెందుకొచ్చింది? నాను సేసిన పని సూసి పోడానికా? పంపెయ్యండి. నా షహజాది మొహం ఈవిడ సూడకూడదు."

జైతూన్ బీ షెడ్డులో నిలబడినట్టే తల దించుకుని నిలబడింది.

తల్లి చాంద్ సుల్తానా వచ్చి కొడుకు భుజం పట్టుకుంది.

"అలాగనకు బేటా," అంది ఏడుస్తూ. "ఆమెని పంపేత్తే మన పిల్లకి ఆఖరి స్నానం ఎవరు సేయిత్తారు? పదిహేనేళ్ళుగా ఈ పాతూర్లో కార్లలో పోయిన మన ఆడకూతుళ్ళందరి దెబ్బలూ కడిగి, కఫన్ బట్ట సుట్టి సాగనంపతన్నది ఈ జైతూన్ బీయే."