విన్నీ సాక్ష్యం

“ఇవాళ నీ జీతమే మీ నాన్న నిరుద్యోగ భృతిని మింగేస్తుంది, చూస్తుండు,” అంది ఫెబీ నటాల్. గొంతు పలకలేదు, పెదవులు మాత్రమే కదిలాయి. మరమగ్గాల హోరులో ఏళ్లు గడిపిన ఆడవాళ్లు అట్లాగే మాట్లాడుకుంటారు. ఒకరి పెదవులు ఒకరు చదువుకుంటారు. సహాయ సంఘం ఆఫీసు వసారాలో బంట్రోతు ఎన్నిసార్లు నిశ్శబ్దమని అరిచినా, వాళ్ల కబుర్లకు అడ్డు లేదు.

విన్నీ కూడా పెదవులతోనే జవాబిచ్చింది.

“నేనొక్కదాన్ని తెచ్చేది ఐదు నోళ్లకు ఎట్లా చాలుతుంది పిన్నీ?”

“అది వాళ్లకెందుకే? ఇంట్లో ఒకరు సంపాదిస్తుంటే తక్కినవాళ్లు గాలి మేసి బతకొచ్చని కదా కొత్త చట్టం. మా పెద్దాడు ఇల్లు వదిలి వేరే గది చూసుకున్నాక గాని వాళ్ల నాన్నకు భృతి ఇవ్వలేదు. నువ్వూ మూట కట్టుకో.”

“అమ్మ మంచం దిగలేదు. తమ్ముళ్లు చిన్నవాళ్లు. ఎక్కడికి పోను?”

 ఫెబీ మాట సినిమాల మీదికి మళ్లించింది. “మాటల్లేని బొమ్మలే నయమే పిల్లా. నాయిక ప్రేమంతా కళ్లల్లో కురిపిస్తూ, పెదవులతో మాత్రం ‘కాలు తొక్కుతున్నావురా దున్నపోతా’ అనేది. హాలంతా కన్నీళ్లు పెట్టుకుంటుంటే మన మగ్గాలవాళ్లం పగలబడి నవ్వేవాళ్లం. ఇప్పుడు బొమ్మలు మాట్లాడుతున్నాయి. టిక్కెట్టు పెరిగింది, నవ్వు పోయింది.”

 విన్నీ చూపు గాజు తలుపు మీదే ఉంది.

లోపల ముగ్గురు సభ్యులు తలుపుకు వీపు పెట్టి కూర్చున్నారు. వారికెదురుగా టోపీ చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు విన్నీ తండ్రి ఈనాక్. అతడు పనిచేసిన నూలు మిల్లు మూతపడి ఏడాది దాటింది. 1931 చలికాలంలో ఇంగ్లండులోని లాంకషైరు అంతటా అటువంటి మిల్లులే, అటువంటి మనుషులే. సభ్యుల ప్రశ్నలు విన్నీకి అందలేదు. తండ్రి జవాబులు మాత్రం పెదవుల మీద ఒక్కొక్కటే కనిపించాయి.

‘పియానో ఎప్పుడూ లేదండి.’

‘రేడియో ఉండేదండి. అమ్మేశాం. రొట్టెలకయిపోయింది.’

‘గోడ గడియారం మా అత్తగారిదండి. అదీ అమ్మాలాండి?’

గడియారం అమ్ముకొమ్మన్న ఆ పెద్దమనిషి కోటు మీద జేబు గడియారపు బంగారు గొలుసు వేలాడుతూనే ఉంటుంది. వెనకనుంచి అది కనిపించలేదంతే.

తర్వాతి ప్రశ్న విని ఈనాక్ నేల చూశాడు. టోపీ చూశాడు. అప్పుడు అతని పెదవులు నెమ్మదిగా కదిలాయి.

‘ఆ అమ్మాయి మా బిడ్డ కాదండి. తిండికీ పడకకూ ఇంతని ఇస్తుంది.’

ఆ మాట అన్నాక గాని అతనికి గాజు తలుపు గుర్తుకు రాలేదు. చటుక్కున టోపీ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

“అమ్మ ఈనాకో,” అంది ఫెబీ. “కొట్టువాడు పొరపాటున ఎక్కువిచ్చిన అర పెన్నీ కోసం వానలో వెనక్కి నడిచిపోయిన మనిషేనా ఇతను?”

విన్నీ కళ్లు మసకబారాయి. డబ్బిచ్చి ఇంట్లో ఉండే పరాయి మనిషి జీతం లెక్కలోకి రాదు. తనను ఇంట్లోనే ఉంచుకోవడం కోసం అటువంటి మనిషి నోటినుంచి ఎంత మాట వచ్చింది. అంతలో బంట్రోతు ఆమె పేరు పిలిచాడు.

సంఘం అధ్యక్షుడు క్రాన్‌షా బట్టల వ్యాపారి. గుడ్డను తిరగేసి చూసినట్టే మనిషినీ చూస్తాడు.

“ఈనాక్ హిండిల్ నీకేమవుతాడమ్మాయ్?”

“ఏమీ కారండి.”

“ఊరంతా కూతురివంటోంది.”

“ఊరికేం, ఎన్నయినా అంటుందండి. వాళ్లింట్లో ఉంటాను, డబ్బిస్తాను. అంతే.”

“బైబిలు మీద చెయ్యి పెట్టి చెబుతావా?”

బడిలో కన్యస్త్రీలు బెత్తం పట్టుకుని నేర్పిన ధర్మమంతా విన్నీకి ఒక్కసారిగా జ్ఞాపకం వచ్చింది. తమ్ముళ్ల ముఖాలూ జ్ఞాపకం వచ్చాయి. ఆమె బల్ల మీది పుస్తకంపై అరచెయ్యి ఆనించింది.

“ఆయన నా తండ్రి కారండి.”

వెనక ఈనాక్ దగ్గాడు.  సిగ్గుపడుతున్నాడని విన్నీ అనుకుంది.

క్రాన్‌షా అయిష్టంగానే పూర్తి భృతి మంజూరు చేశాడు.

బయట సన్నని వాన కురుస్తోంది. దేశం కోసం ప్రజలు కడుపు కట్టుకోవాలని మంత్రిగారన్న మాట పత్రికల దుకాణం ముందు పెద్ద అక్షరాలతో వేలాడుతోంది. దాన్ని చదువుతున్నవాడిలా ఈనాక్ అక్కడే ఆగిపోయాడు. విన్నీ అతని చెయ్యి పట్టుకుంది.

“మా నాన్న ఇంత చక్కగా నటిస్తాడని టాకీలవాళ్లకు తెలిస్తే ఎత్తుకుపోతారు,” అంది నవ్వించబోతూ.

అతను నవ్వలేదు.

“మరీ అంత కుంగిపోకు నాన్నా. శనివారం ఇద్దరం కలిసే పాపసంకీర్తనానికి పోదాం, ఫాదర్‌గారి దగ్గర పాపాలు ఒప్పుకుందాం. నాదే పెద్ద పాపం. నీది ఉత్త నోటిమాట. నేను బైబిలు ముట్టుకుని మరీ చెప్పాను. ఫాదర్‌గారు నాచేత ఎన్ని జపమాలలు చెప్పిస్తారో ఏమో.”

“నువ్వు చెప్పుకోనక్కర్లేదు తల్లీ.”

“ఎందుకక్కర్లేదు? నిన్ను పట్టుకుని నా తండ్రివి కావన్నాను.”

 ఈనాక్ విన్నీ చెయ్యి వదల్లేదు.

“నువ్వు అబద్ధమాడలేదమ్మా,” అన్నాడు.